ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం: ముచ్చటకు ముందు బాధ్యత

సముద్రాన్ని గురించి దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల ప్రస్తావిస్తుంది. మానవుల మేలు కోసం అల్లాహ్ దానిని వశపరిచాడని, అందులోంచి తాజా మాంసం, ధరించే ఆభరణాలు లభిస్తాయని నహ్ల్ సూరా గుర్తు చేస్తుంది. తీయని నీటి జలరాశి, ఉప్పునీటి జలరాశి, వాటి నడుమ ఉన్న అడ్డుతెర గురించి ఫుర్ఖాన్ సూరా ఆలోచించమంటుంది. ఇలాంటి సూచనలు చదివి పెరిగే పిల్లలు సముద్రజీవులను కళ్ళారా చూడాలని కోరుకోవడం సహజం. ఈ మధ్య మన ఇళ్ళల్లో మంచినీటి అక్వేరియంతో పాటు ఉప్పునీటి అక్వేరియం ముచ్చట కూడా కనిపిస్తోంది. నారింజ రంగుపై తెల్లని పట్టీలున్న క్లౌన్ ఫిష్‌ను చూసి ‘నీమో’ కావాలని మారాం చేయని పిల్లలు అరుదు.

ముచ్చట మంచిదే. అయితే ఈ ముచ్చటలో ఒక ప్రాణి మన చేతికి వస్తుంది. ఆకలి వేస్తే వేటాడడానికి దానికి సముద్రం ఉండదు. నీరు చెడితే పారిపోవడానికి దారి ఉండదు. ఆ గాజుపెట్టెలో దాని గాలి, నీరు, ఆహారం సమస్తం మన చేతుల మీదుగానే అందాలి. ఇస్లామీయ పరిభాషలో దీన్ని ‘అమానత్’ అంటాం. తాను బంధించిన పిల్లికి ఆహారం పెట్టక, తనంతట తాను వెతుక్కొని తినడానికి వదిలిపెట్టక చంపిన ఒక స్త్రీ నరకానికి గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించిన హదీసు మనకు తెలిసిందే. మరోవైపు అనస్ బిన్ మాలిక్ (రజి) చిన్నారి తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించి ఓదార్చారు. తగిన సంరక్షణ ఉంటే పిట్టలవంటి ప్రాణులను ఇంట్లో పెంచుకోవచ్చనడానికి ధర్మపండితులు ఈ సంఘటనను ఆధారంగా చూపుతారు. ఈ రెండు హదీసులనూ కలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. పెంచుకోవడానికి అనుమతి ఉంది, నిర్లక్ష్యానికి మాత్రం లేదు.

ఉప్పునీటి చేపల విషయంలో నిర్లక్ష్యం ఎక్కువగా తొందరపాటు రూపంలోనే వస్తుంది. శనివారం తొట్టి కొని, ఆదివారం నీరు నింపి, సోమవారం చేపలు వేసేవారి ఇంట్లో ఆ చేపలు సాధారణంగా కొన్ని రోజులకు మించి బతకవు. అందుకు కారణాలేమిటో, వాటిని ఎలా నివారించాలో తెలుసుకుందాం.

ముందుగా సంకల్పం

మన సమాజంలో అక్వేరియం చుట్టూ కొన్ని నమ్మకాలు అల్లుకొని ఉన్నాయి. ఫలానా దిక్కున పెడితే సిరి కలుగుతుందని, చేప చనిపోతే ఇంటికి రావలసిన కీడు దానితో పోయిందని, నరదృష్టిని చేపలు తీసుకుంటాయని అంటుంటారు. దురదృష్టవశాత్తూ కొందరు ముస్లిం సోదరులు సైతం ఈ మాటలు వల్లిస్తుంటారు. దృష్టి తగలడం వాస్తవమేనని హదీసులు తెలుపుతున్నాయి. దానికి మనకు నేర్పిన మార్గం దుఆ, ఫలఖ్, నాస్ సూరాల పారాయణం. మేలు, కీడు అల్లాహ్ చేతిలో ఉన్నాయి గాని చేప చేతిలో లేవు.

ఈ నమ్మకం విశ్వాసానికి చేసే హానితో పాటు ఆ మూగప్రాణికీ హాని చేస్తుంది. చేప చనిపోయినప్పుడు ‘పీడ పోయింది’ అనుకున్నవాడు నీటిని పరీక్షించడు. పరీక్షించి ఉంటే అందులో అమోనియా కనిపించేది. మరో చేపను కొని అదే నీటిలో వేస్తాడు. అదీ చనిపోతుంది. ఇలా ఒక మూఢనమ్మకం ఎన్నో ప్రాణాలను బలి తీసుకుంటుంది.

తొట్టిలో అలంకరణ కోసం దుకాణాల్లో అమ్మే మనుషుల విగ్రహాలు, దేవతల బొమ్మలు మన ఇంటికి తగినవి కావు. రాళ్ళు, ఇసుక చాలు. చేపలకూ అవే ఇష్టం.

తొట్టి, దానిని ఉంచే చోటు

చిన్న తొట్టి అయితే సులభమని చాలామంది అనుకుంటారు. వాస్తవం దీనికి విరుద్ధం. నీరు తక్కువైనకొద్దీ దాని వేడి, ఉప్పదనం, మలినాలు వేగంగా మారిపోతాయి. మొదటిసారి పెట్టేవారికి 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టి అనుకూలం. ఇందులో దాదాపు 250 లీటర్ల నీరు పడుతుంది. రాళ్ళు, ఇసుక వేశాక మిగిలే నీరు 200 లీటర్లు అనుకోవచ్చు. గాజు, నీరు, రాళ్ళు కలిపి బరువు 350 కిలోలు దాటుతుంది. కనుక మామూలు టేబుల్ మీద పెట్టకూడదు. బలమైన స్టాండు కావాలి. మేడ మీద ఇంట్లో అయితే గది మధ్యలో కాకుండా బరువు మోసే గోడ పక్కన పెట్టాలి. నేరుగా ఎండపడే కిటికీ పక్కన పెడితే నీరు వేడెక్కి, నాచు పెరిగిపోతుంది.

తొట్టి రాగానే ముందు మంచినీటితో నింపి రెండు మూడు రోజులు కారుతుందేమో చూడాలి. కరెంటు తీగలు సాకెట్ కన్నా కిందికి వంపు తిరిగి పైకి వెళ్ళేలా అమర్చాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఉప్పునీరు, విద్యుత్తు కలిసే చోట పిల్లలుంటారు కాబట్టి షాక్ తగలగానే విద్యుత్తును ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

నీరు, ఉప్పు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఇది కేవలం మనం వంటలో వేసే ఉప్పు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివెన్నో అందులో నిర్ణీత పాళ్ళలో ఉంటాయి. అందుకే అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమాన్నే వాడాలి. 200 లీటర్లకు సుమారు 7 కిలోలు పడుతుంది. వేరే బకెట్టులోనో డ్రమ్ములోనో కలిపి, పూర్తిగా కరిగాక, రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. సాంద్రత 1.024 నుంచి 1.026 మధ్య ఉండాలి. విశాఖ, మచిలీపట్నం వంటి చోట్ల ఉన్నవారికి ఒడ్డు నుంచే నీరు తెచ్చుకోవాలనిపిస్తుంది. అయితే ఒడ్డు దగ్గరి నీటిలో మురుగు, నూనె కలిసే అవకాశం ఉంది. వర్షాకాలంలో నదుల నీరు చేరి ఉప్పదనం మారిపోతుంది. మొదటి ప్రయత్నానికి అది తగదు.

ఉప్పు కలపడానికి వాడే నీరు ఇంకా ముఖ్యం. మన బోరునీటిలో కరిగిన లవణాలు ఎక్కువ. నైట్రేట్లు, నల్గొండ వంటి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ కూడా ఉంటాయి. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీటిలో కూడా కొంత టీడీఎస్ మిగులుతుంది. ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ గొట్టం గుండా పంపితే టీడీఎస్ సున్నాకు చేరుతుంది. అలాంటి నీరే వాడాలి. ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు శుద్ధజలానికి రెండు మూడు లీటర్ల నీటిని బయటికి వదులుతుంది. నది ఒడ్డున వుజూ చేసేవాడు కూడా నీటిని దుబారా చేయకూడదని బోధించే ధర్మం మనది. కనుక ఆ నీటిని డ్రమ్ములో పట్టి గచ్చు కడగడానికి, బాత్‌రూముకు వాడుకోవాలి.

మరో సంగతి. తొట్టిలో నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. వేసవిలో రోజుకు రెండు మూడు లీటర్లు తగ్గవచ్చు. ఆ లోటును ఉప్పు కలపని శుద్ధజలంతోనే పూడ్చాలి. తెలియక ఉప్పునీరు పోస్తూ పోతే ఉప్పదనం పెరిగి చేపలు అల్లాడిపోతాయి.

వేడి, కరెంటు కోత

సముద్రపు చేపలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి అనుకూలం. మన వేసవిలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా పట్టణాల్లో అంత కూడా తగ్గదు. చిల్లర్ గాని, పగలు ఏసీ నడిచే గది గాని లేకుండా మన ప్రాంతంలో ఉప్పునీటి తొట్టి పెట్టడం సాహసమే. ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

కరెంటు పోతే నీటి కదలిక ఆగి, ఆక్సిజన్ తరిగిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇన్వర్టర్ ఉంటే చిల్లర్‌ను దానిపై పెట్టకుండా, నీటిని కదిపే వేవ్‌మేకర్‌ను మాత్రం కలిపితే చాలు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

చేపకు ముందు తొట్టికి ప్రాణం

అసలు ఓర్పు కావలసింది ఇక్కడే. చేప విసర్జించేది, మిగిలిపోయిన ఆహారం కుళ్ళినది అమోనియాగా మారుతుంది. అది చేపకు విషం. అల్లాహ్ సృష్టిలో ఈ విషాన్ని తొలగించే పని కంటికి కనిపించని బాక్టీరియాకు అప్పగించబడింది. ఒక రకం బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దీని హాని చాలా తక్కువ. కొంతకాలానికోసారి నీరు మార్చి దీనిని తగ్గిస్తాం. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా ఉండదు. రాళ్ళమీద, ఇసుకలో అవి స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఇందుకోసం చేపలను బలిపెట్టనవసరం లేదు. తొట్టిలో ఎండు రాయి, సిరామిక్ రాయి పేర్చి, ఉప్పునీరు నింపి, పంపులు నడుపుతూ ఒక పచ్చి రొయ్య ముక్క వేస్తే చాలు. అది కుళ్ళుతూ అమోనియా ఇస్తుంది. దుకాణాల్లో దొరికే బాక్టీరియా సీసా తోడైతే పని కొంత త్వరగా సాగుతుంది. టెస్ట్ కిట్‌తో రెండు మూడు రోజులకోసారి కొలిచి నోటుపుస్తకంలో రాసుకోవాలి. ముందు అమోనియా పెరుగుతుంది, తర్వాత అది తగ్గి నైట్రైట్ పెరుగుతుంది, చివరికి ఆ రెండూ సున్నాకు చేరి నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడు రొయ్య ముక్క మిగిలితే తీసేసి, కొంత నీరు మార్చాలి. ఈ కొలతల పని ఇంట్లోని పెద్దపిల్లలకు అప్పగిస్తే వారికి విజ్ఞానపాఠం అవుతుంది. ఖాళీ తొట్టిని చూస్తూ నెలన్నర ఆగడం సబ్ర్ పాఠం కూడా అవుతుంది. మధ్యలో గాజుకు, ఇసుకకు గోధుమరంగు నాచు పడుతుంది. అది సహజమే, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

ఏ చేపలు తగినవి?

చేపను ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. పెరిగితే ఎంతవుతుంది? ఏం తింటుంది? తోటి చేపలతో ఎలా ఉంటుంది? ఎక్కడి నుంచి వచ్చింది? చివరి ప్రశ్నను చాలామంది అడగరు. 1960ల నుంచి ఫిలిప్పీన్స్ సముద్రాల్లో, ఆ తర్వాత ఇండోనేషియాలోనూ, సైనైడ్ చిమ్మి మత్తెక్కించి చేపలను పట్టే పద్ధతి వ్యాపించింది. దానివల్ల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు చచ్చిపోతాయి. పట్టుబడిన చేపలు పైకి బాగానే కనిపించినా కొన్నాళ్ళకు కన్నుమూయవచ్చు. అందువల్ల హేచరీలో పుట్టిన చేపలకే ప్రాధాన్యమివ్వాలి. క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పుట్టించి పెంచే విధానాన్ని మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. కాబట్టి ‘హేచరీ చేపేనా?’ అని దుకాణదారును అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

క్లౌన్ ఫిష్: ఒసెల్లారిస్ రకం మొదటిసారి పెంచేవారికి ఉత్తమం. 8, 9 సెంటీమీటర్లు పెరుగుతుంది, గుళికల ఆహారం తింటుంది. బాగా చూసుకుంటే పదేళ్ళకు పైగా బతుకుతుంది. అన్నీ మగవిగానే పుడతాయి. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. కనుక రెండు చిన్నవి కొంటే అవే జంట కడతాయి. సినిమాలో చూపినట్టు ఎనిమోన్ లేకపోయినా బతకగలవు. ఎనిమోన్‌ను పెంచడం కొత్తవారికి కష్టం.

బంగ్గాయి కార్డినల్: ఇండోనేషియాలోని బంగ్గాయి దీవుల దగ్గర మాత్రమే సహజంగా ఉన్న చేప. మితిమీరి పట్టడం వల్ల అంతరించే ప్రమాదంలో పడింది. మగచేప గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకొని వారాల తరబడి కాపాడుతుంది. హేచరీలో పుట్టినవి దొరికితేనే కొనాలి, లేకపోతే వద్దు.

పసుపు వాచ్‌మన్ గోబీ: ఇసుకపై నివసించే చిన్న చేప. పిస్టల్ రొయ్యతో కలిసి ఉంటుంది. రొయ్యకు చూపు మందం, అది బొరియ తవ్వుతుంది. గోబీ కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని చేపకు తాకించి ఉంచుతుంది. ప్రమాదం వస్తే చేప తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరిపోతాయి. సృష్టికర్త కల్పించిన ఈ స్నేహాన్ని పిల్లలకు చూపడానికే ఒక తొట్టి పెట్టవచ్చు.

ఫైర్ ఫిష్: సన్నగా, సౌమ్యంగా ఉంటుంది. బెదిరితే తొట్టిలోంచి ఎగిరి పడుతుంది. వల మూత తప్పనిసరి.

పసుపుతోక డామ్సెల్: నీలి డామ్సెల్‌ల కన్నా నెమ్మది. ఒక్కటే ఉంచాలి. అన్నిటికన్నా ఆఖరున వేయాలి.

250 లీటర్ల తొట్టికి ఈ పట్టికలోంచి ఐదారు చేపలు చాలు. పిరికివి ముందు, గడుసువి తర్వాత అన్నది నియమం. ముందు గోబీ, ఫైర్ ఫిష్. రెండు మూడు వారాల తర్వాత కార్డినల్. ఆ తర్వాత క్లౌన్ జంట. చివరికి డామ్సెల్. గడుసు చేప ముందే వస్తే తొట్టి మొత్తం తనదనుకొని తర్వాత వచ్చినవాటిని తరుముతుంది. పిల్లలు ‘నీమో ముందు’ అంటారు. ఎందుకు ఆగాలో వివరిస్తే అర్థం చేసుకుంటారు.

ఏవి వద్దు?

‘డోరీ’గా పిలిచే నీలి టాంగ్ దుకాణంలో బొటనవేలంత ఉంటుంది. పెరిగితే అడుగు పొడవవుతుంది, దూరాలు ఈదే చేప. 4 అడుగుల తొట్టి దానికి జైలు. మాండరిన్ ఎంతో అందమైనది, కాని కంటికి ఆనని జీవులనే తింటూ ఉంటుంది. కొత్త తొట్టిలో ఆకలితో మాడి చస్తుంది. సీతాకోక చేపల్లో చాలా రకాలు పగడాలను తింటాయి. లయన్ ఫిష్ ముళ్ళలో విషం ఉంటుంది, చిన్న చేపలను మింగేస్తుంది. పిల్లలున్న ఇంటికి అది తగదు. పెద్ద ఏంజెల్, గ్రూపర్, సొరచేప పిల్లలను ఎవరు అమ్మజూపినా తీసుకోకూడదు.

సముద్రపు గుర్రాలు, పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి వస్తాయి. మన సముద్రాల నుంచి తీసిన వీటిని కొనడం, అమ్మడం నేరం. పగడపు దిబ్బల నుంచి పెకలించిన ‘లైవ్ రాక్’ కూడా వద్దు. అర్రహ్మాన్ సూరాలో ముత్యాలతో పాటు పగడాలు కూడా అనుగ్రహాలుగా ప్రస్తావించబడ్డాయి. అనుగ్రహాన్ని నాశనం చేసి దాన్నే అలంకారంగా పెట్టుకోవడం కృతజ్ఞత కాదు.

చేప ఇంటికి వచ్చాక

కొనేముందు దుకాణంలో ఆ చేప తింటోందో లేదో చూడాలి. ఒంటిపై ఉప్పురవ్వలాంటి తెల్లచుక్కలుంటే, వేగంగా ఊపిరి పీలుస్తుంటే కొనరాదు. ఆ చుక్కల జబ్బు ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది, తొట్టిలోకి చేరితే అన్నిటికీ అంటుకుంటుంది. అందుకే కొత్త చేపను వేరే చిన్న తొట్టిలో కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచాలి. అంటువ్యాధి ఉన్న ఊళ్ళోకి పోవద్దని, అక్కడి నుంచి బయటికి రావద్దని దైవప్రవక్త (స) మనుషులకు బోధించారు. చేపల విషయంలోనూ ఆ వివేకమే కాపాడుతుంది.

సంచిని తొట్టి నీటిపై 20 నిమిషాలు తేల్చి, ఆపైన సన్నని గొట్టంతో చుక్కలుచుక్కలుగా తొట్టి నీరు కలపాలి. చేపను మాత్రమే తొట్టిలోకి వదలాలి, సంచి నీటిని పారబోయాలి. ఆహారం రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. ముద్దుకొద్దీ గుప్పెడు వేసే పిల్లల చేతులు చేపలకు ఆకలికన్నా ప్రమాదకరం. రెండు వారాలకోసారి 30 లీటర్ల నీరు మార్చాలి. అందుకు కిలో ఉప్పు పడుతుంది. ఇది ఒక నెల ముచ్చట కాదు, పదేళ్ళ పని.

నిర్ణయానికి ముందు

దంపతులు కూర్చొని కొన్ని విషయాలు మాట్లాడుకోవాలి. చేపల ధర మొత్తం ఖర్చులో చిన్న భాగం. చిల్లర్, కరెంటు బిల్లు, ఉప్పు, టెస్ట్ కిట్లు ప్రతి నెలా పలకరిస్తాయి. ఇంటి అవసరాలు, బంధువుల హక్కులు, అప్పులు తీరాక మిగిలే సొమ్ముతో ఇది సాధ్యమా? ఉమ్రాకు వెళ్ళినా, పండక్కి ఊరికి వెళ్ళినా రెండు వారాలు ఎవరు చూస్తారు? ఆ వ్యక్తికి నీరు పోయడం, మేత వేయడం ముందే నేర్పామా? పిల్లల మోజు తీరిపోయాక కూడా ఈ పని చేయడానికి ఇంట్లో ఒక పెద్ద సిద్ధంగా ఉన్నారా? వీటికి జవాబు ‘ఔను’ అయితే బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టవచ్చు. ఏ ఒక్కదానికైనా ‘కాదు’ అయితే నామోషీ ఏమీ లేదు. గప్పీల వంటి చేపలతో చిన్న మంచినీటి తొట్టి పెట్టి, ఏడాది పాటు చూసుకొని, అప్పుడు మళ్ళీ ఆలోచించవచ్చు.

భూమిపై సంచరించే ప్రాణులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనలాంటి సమాజాలేనని అన్ఆమ్ సూరా చెబుతుంది. నీటిలోని ప్రాణులనూ ఆ కంటితోనే చూడడం మనకు తగినది. సముద్రంలో తన బతుకు తాను బతికే ప్రాణిని మన గదిలోకి తెచ్చుకున్న నాటి నుంచి దాని గురించి అడగబడేది మనమే. ఆ జవాబును ముందే సిద్ధం చేసుకున్న ఇంట్లో అక్వేరియం కంటికి చల్లదనమూ అవుతుంది, పిల్లలకు బాధ్యత నేర్పే బడీ అవుతుంది.